తిన్నది ఒంటికి పట్టాలంటే: రోజువారీ ఆహారాన్ని లెక్కతో సరిచేసుకునే పద్ధతి

ఆహారం సరిచేసుకోవాలనుకున్న చాలామంది మొదట చేసే పని విటమిన్ మాత్రల సీసా కొనడం. వరస అక్కడే తలకిందులవుతుంది. ఒంటికి కావలసిన శక్తి, మాంసకృత్తులు చాలనప్పుడు విటమిన్లు ఎన్ని మింగినా పెద్దగా ఉపయోగం ఉండదు. వాటిలో చాలావాటి పనే ఆ శక్తిని బయటికి తీయడం, ఆ మాంసకృత్తుల్ని కండగా, రక్తంగా, ఎంజైములుగా మలచడం. అందుకే ఈ వరసలో వెళ్లండి: ముందు శక్తి, తర్వాత మాంసకృత్తులు, ఆపైన పీచు, కొవ్వు, అవి కుదిరాక విటమిన్లు, ఖనిజాలు. ప్రతిచోటా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నోట్లోకి వెళ్లింది ఎంత? పేగుల్లోంచి రక్తంలోకి చేరింది ఎంత? రెండో ప్రశ్న వేసుకోనివాళ్లే "బాగానే తింటున్నా, రక్తం ఎందుకు తక్కువుంది?" అని ఆశ్చర్యపోతుంటారు.

కింది అంకెలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు. కిడ్నీ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు లెక్కలు వేరు. వాళ్లు డాక్టరో డైటీషియనో చెప్పిన అంకెలే పెట్టుకోవాలి.

1. మూడు రోజులు రాసి చూడండి

రెండు పనిరోజులు, ఒక సెలవురోజు తీసుకోండి. తిన్నవెంటనే రాయాలి. రాత్రి కూర్చుని గుర్తుతెచ్చుకుని రాస్తే మధ్యమధ్యలో నోట్లో వేసుకున్నవన్నీ జారిపోతాయి. ఆ మూడు రోజులు తిండి మార్చకండి. రాస్తున్నామని తగ్గించుకుని తింటే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

గ్రాములు చూపే చిన్న వంటింటి తూకం ఉంటే చాలు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు పచ్చి తూకాన్నీ వండిన తూకాన్నీ కలిపేయడం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 360 కేలరీలు ఉంటాయి. అవే వండితే నీళ్లు పీల్చుకుని 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది, 100 గ్రాముల అన్నంలో ఉండేది దాదాపు 130 కేలరీలే. ఒకదాని బదులు ఇంకొకదాని అంకె వేస్తే లెక్క మూడింతలకు దగ్గరగా తప్పుతుంది. కాబట్టి ధాన్యం, పప్పు, మాంసం ఎప్పుడూ వండకముందే తూచండి.

నూనెకు చెంచాల లెక్క నమ్మకండి. పొద్దున సీసా తూచండి, రాత్రి మళ్లీ తూచండి. తగ్గిన గ్రాములను తిన్నవాళ్ల సంఖ్యతో భాగించండి. వేపుడు నూనె మిగిలితే అది తీసేయండి. టీ, కాఫీల్లో వేసే పాలు, చక్కెర కూడా రాయాలి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు అంటే దాదాపు 30 నుంచి 40 గ్రాముల చక్కెర అక్కడే అయిపోయింది.

2. శక్తి ఎంత కావాలో తేల్చుకోండి

కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కిడ్నీలు నడవడానికి శక్తి కావాలి. ఎక్కువ శ్రమ చేయనివాళ్లలో రోజు ఖర్చులో 60 నుంచి 70 శాతం దీనికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో పదోవంతు. మిగిలింది కదలికలకు. ఈ విశ్రాంతి ఖర్చును అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం బాగా వాడుకలో ఉంది:

(బరువు కిలోల్లో × 10) + (ఎత్తు సెంటీమీటర్లలో × 6.25) − (వయసు × 5). వచ్చినదానికి మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి.

60 కిలోలు, 160 సెంటీమీటర్లు, 35 ఏళ్లున్న స్త్రీకి వేసి చూద్దాం. 600 + 1000 − 175 − 161 = 1264. దీన్ని రోజువారీ కదలికను బట్టి గుణించాలి: రోజంతా కూర్చునే పనైతే 1.2, కాస్త నడక ఉంటే 1.375, వారంలో ఎక్కువ రోజులు వ్యాయామం చేస్తే 1.55, బాగా శ్రమ ఉంటే 1.725. కాస్త నడిచే మనిషి అనుకుంటే 1264 × 1.375, అంటే సుమారు 1740 కేలరీలు. ఇక్కడ దాదాపు అందరూ తమ కదలికను ఒక మెట్టు ఎక్కువ వేసుకుంటారు. సందేహం వస్తే కింది మెట్టే తీసుకోండి.

సూత్రం ఇచ్చేది అంచనా. పదోవంతు అటూఇటూ ఉండటం మామూలే. అసలు తీర్పు బరువుది. వారానికి మూడుసార్లు, లేవగానే, ఏమీ తినకముందు చూసుకుని సగటు రాయండి. ఒక్కరోజులో కిలో పెరిగితే కంగారుపడనక్కర్లేదు. ఉప్పు, పిండిపదార్థాలు కాస్త ఎక్కువైనా ఒంట్లో నీరు నిలిచి తూకం అంత మారుతుంది. మూడు వారాల సగటు కదలకుండా ఉందంటే మీరు తింటున్నదే మీ ఖర్చు.

తగ్గాలనుకుంటే రోజుకు 300 నుంచి 500 కేలరీలు కోయండి, అంతకు మించొద్దు. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి కాబట్టి, రోజుకు 500 తగ్గిస్తే మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గుతారు. పోనుపోను ఆ వేగం తగ్గుతుంది. తగ్గిన ఒంటికి ఖర్చూ తగ్గుతుంది మరి. నెలల తరబడి మరీ తక్కువ తింటే ఒళ్లు చల్లబడటం, జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం మొదలవుతాయి. అప్పటికప్పుడు అవసరంలేని పనులన్నిటినీ శరీరం ఆపేసుకుంటోందని దానర్థం.

3. మాంసకృత్తుల లెక్క

కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాడే అంకె. 60 కిలోలకు 50 గ్రాములు. 65 దాటినవాళ్లు 1 నుంచి 1.2 గ్రాముల దాకా తీసుకోవడం మంచిదని వృద్ధుల పోషణ నిపుణులు చెబుతారు, ఎందుకంటే ఆ వయసులో అంతే మాంసకృత్తులకు కండ అంతగా స్పందించదు. వృద్ధులు ఆకలి తగ్గి వీటినే ముందుగా తగ్గించేస్తారు. కాళ్లలో బలం తగ్గి పడిపోవడానికి ఇదొక కారణం.

కొవ్వును దాచుకున్నట్టు శరీరం మాంసకృత్తుల్ని విడిగా దాచుకోదు. లోటు వస్తే కండనే విప్పుకుంటుంది. ఎక్కువైతే వాటిలోని నత్రజనిని యూరియాగా మూత్రంలో పంపించి, మిగిలింది శక్తిగా వాడేస్తుంది. ఒక్కపూట మొత్తం తినేకంటే మూడు పూటలా పంచుకుని తినడం మేలు.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్నచిన్న ముక్కలతో తయారవుతాయి. వాటిలో ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేనివి తొమ్మిది. గుడ్డు, పాలు, చేప, మాంసంలో అవన్నీ సరిపడా ఉంటాయి. ధాన్యాల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ఒకే పళ్లెంలో ఉండాలన్న నియమం లేదు, ఒకే రోజులో పడితే చాలు.

50 గ్రాములు ఎలా వస్తాయో చూడండి. 250 గ్రాముల ధాన్యం నుంచి 20 నుంచి 25, 80 గ్రాముల ఎండు పప్పు నుంచి 19, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు నుంచి 10. గుడ్డు ఒక్కటి 6 గ్రాములు. ఇంతే. పౌడర్ డబ్బాలు చాలామందికి అక్కర్లేదు.

లెక్క తప్పేది రెండుచోట్ల. ఒకటి, పలచటి పప్పు. గిన్నెనిండా తాగినా అందులో ఉన్న ఎండు పప్పు 15 గ్రాములే కావచ్చు, అంటే 4 గ్రాముల మాంసకృత్తులు కూడా రావు. ఎండు పప్పు ఎంత పోశారో, ఎంతమంది తిన్నారో చూసి లెక్కేయండి. రెండోది, రెండో మెట్టు వదిలేసి ఇక్కడికి దూకడం. మొత్తం శక్తే చాలకపోతే తిన్న మాంసకృత్తుల్ని శరీరం ఇంధనంగా తగలేసుకుంటుంది. తక్కువ తింటూ పౌడర్ తాగేవాళ్లకు జరిగేది ఇదే.

4. పిండిపదార్థాలు, పీచు

మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుతుంది. కాలేయం 100 గ్రాముల దాకా గ్లైకోజెన్‌గా దాచుకుని, రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు రక్తంలోకి వదులుతుంది. కండరాల్లో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది కానీ అది ఆ కండరాలకే, బయటికి రాదు. కాబట్టి పిండిపదార్థాలు శత్రువులేమీ కావు. అవి దేని రూపంలో వస్తున్నాయన్నదే అసలు సంగతి.

ధాన్యంలో కనీసం సగం పొట్టు తీయనిది పెట్టుకోండి. కూరగాయలు, పళ్లు కలిపి రోజుకు 400 గ్రాములు ఉండాలి, ఇందులో బంగాళాదుంపలు లెక్కకు రావు. పీచు 25 గ్రాములు. ఈ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసాలు. కలిపిన చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర కలిపి మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు, 5 శాతానికి దించితే ఇంకా మంచిది. పై ఉదాహరణలోని స్త్రీకి 10 శాతమంటే సుమారు 43 గ్రాములు. ఇందాకటి నాలుగు కప్పుల టీ గుర్తుంది కదా.

పీచు మనకు అరగదు, పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అరుగుతుంది. అవి దాన్ని పులియబెట్టి తయారుచేసే బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లంతోనే పెద్దపేగు గోడలోని కణాలు ఎక్కువగా బతుకుతాయి. ఒక్కసారిగా 10 నుంచి 30 గ్రాములకు పెంచితే కడుపు ఉబ్బి, గ్యాసు పట్టి, వారంలో మానేస్తారు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి, నీళ్లు కూడా పెంచండి. నీళ్లు లేని పీచు మలబద్ధకాన్ని ఇంకా బిగిస్తుంది.

5. కొవ్వు

మొత్తం శక్తిలో 30 శాతం లోపు. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు (పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు 4 చొప్పున), కాబట్టి 1740 కేలరీల మనిషికి 58 గ్రాములు. గింజల్లో, పాలల్లో, మాంసంలో ఉన్నదీ ఇందులోనే. గది వేడిలో గడ్డకట్టే రకం కొవ్వు (సంతృప్త కొవ్వు) 10 శాతం లోపు, అంటే 19 గ్రాములు ఉండాలి. పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనె అని రాసి ఉన్న ప్యాకెట్టు అసలు కొనకండి.

మరీ సున్నాకు దించడమూ తప్పే. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కలిసి ఉంటేనే పేగుల్లోంచి లోపలికి వెళ్తాయి. నూనెచుక్క లేని క్యారెట్ ముక్కల్లోని బీటా కెరోటిన్ (ఒళ్లు విటమిన్ ఎగా మార్చుకునే పదార్థం) చాలావరకు వచ్చినదారినే పోతుంది. లినోలెయిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలు ఒంటికి కావాలి, కానీ ఒళ్లు వాటిని సొంతంగా తయారుచేసుకోలేదు. మొదటిది మామూలు వంటనూనెల్లో దండిగా దొరుకుతుంది. రెండోది ఒమేగా-3 రకం, దానికి అవిసెగింజలు, అక్రోట్లు, సోయా నూనె చూసుకోవాలి. చేపలు తింటే ఒమేగా-3 తయారైన రూపంలోనే దొరుకుతుంది.

6. విటమిన్లు, ఖనిజాలు: లోటు తరచుగా వచ్చే చోట్లు

పదమూడు విటమిన్లనూ వరసగా తూచాల్సిన పనిలేదు. పై మెట్లు కుదిరితే ఎక్కువభాగం వాటంతటవే కుదురుతాయి. లోటు మళ్లీమళ్లీ కనిపించేవి కొన్నే, వాటిలో మొదటిది ఐరన్.

ఒంట్లో 3 నుంచి 4 గ్రాముల ఐరన్ ఉంటుంది, మూడింట రెండు వంతులు ఎర్రరక్తకణాల్లోనే. పాతకణాలు విరిగినప్పుడు వచ్చే ఐరన్‌నే శరీరం తిరిగి వాడుకుంటుంది. పోయేది రోజుకు 1 మిల్లీగ్రాము, నెలసరి వచ్చే స్త్రీలలో ఇంకాస్త ఎక్కువ. ఇంత కొంచెమే పోతున్నా, అమెరికా ప్రమాణాల ప్రకారం మగవాళ్లు రోజుకు 8, నెలసరి వచ్చే వయసు స్త్రీలు 18 మిల్లీగ్రాములు తినాలి. తిన్నదాంట్లో కొద్ది భాగమే లోపలికి వెళ్తుందని ఈ తేడాయే చెబుతుంది. మాంసం, చేపల్లోని హీమ్ ఐరన్ 15 నుంచి 35 శాతం దాకా వెళ్తుంది. ఆకుకూరలు, పప్పులు, ధాన్యాల్లోది 2 నుంచి 20 శాతం లోపు, పక్కన ఏముందన్న దాన్నిబట్టి.

కాబట్టి ఆకుకూర రెట్టింపు చేసేకంటే ఈ మూడు పనులు చేయండి. భోజనంతోపాటు 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉండేలా చూడండి: ఒక నారింజ, లేదా సగం జామకాయ, లేదా పచ్చి క్యాప్సికమ్ ముక్కలు. ఈ విటమిన్ ఐరన్‌ను పేగులు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది, దాంతో చేరేది రెండు మూడు రెట్లు పెరగవచ్చు. రెండోది, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. అన్నంతోపాటు తాగే టీ మొక్కల ఐరన్‌ను సగానికి పైగా ఆపేస్తుంది. మూడోది, పప్పుల్ని 8 నుంచి 12 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, కుదిరితే మొలకెత్తించండి. ఐరన్‌నూ జింకునూ పట్టుకుని వదలని ఫైటేట్ తగ్గుతుంది. ఎర్ర రాజ్మా గింజల్ని మాత్రం నానబెట్టాక కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లించాలి. సన్నటి సెగమీద సగం ఉడికినవి తింటే వాంతులు పట్టుకోవచ్చు.

కాల్షియం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, యాభై దాటిన స్త్రీలకు 1200. పాలల్లో 100 మిల్లీలీటర్లకు 120 ఉంటుంది, అందులో 30 శాతం దాకా ఒంటికి పడుతుంది. పాలకూరలోనూ కాల్షియం ఉంది, కానీ ఆక్సలేట్ పట్టుకుని ఉండటంవల్ల చేరేది 5 శాతమే. క్యాబేజీ, బ్రోకలీ లాంటివాటిలో ఈ ఇబ్బంది లేదు. రక్తంలో కాల్షియం మామూలుగా ఉందని పరీక్షలో వస్తే ఎముకలు బాగున్నట్టు కాదు. రక్తంలో తగ్గినప్పుడల్లా ఎముకల్లోంచి తెచ్చి ఆ అంకెను నిలబెట్టడమే పారాథైరాయిడ్ హార్మోను పని.

కాల్షియం లోపలికి పోవడానికి విటమిన్ డి కావాలి, రోజుకు 600 యూనిట్లు, డెబ్బై దాటితే 800. ఆహారంలో ఇది దొరికేది తక్కువ: కొవ్వు ఎక్కువుండే చేపలు, గుడ్డు పచ్చసొన, విటమిన్ కలిపిన పాలు. మిగిలింది ఎండే ఇవ్వాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, దానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. చామనఛాయ, నలుపు రంగువాళ్లకు ఎక్కువసేపు కావాలి.

బి12 రోజుకు 2.4 మైక్రోగ్రాములు. మొక్కల్లో లేదు. స్పిరులినాలో ఉందని అమ్ముతారు కానీ అందులో ఎక్కువగా ఉండే రూపం మనిషి ఒంట్లో పనిచేయదు. పాలు, గుడ్లు, చేప, మాంసం ఏవీ తినకపోతే మాత్రో, బి12 కలిపిన ఆహారమో తప్పనిసరి. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు వస్తుంది కాబట్టి మానేసిన రెండేళ్లకో, ఇంకా ఆలస్యంగానో చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కడం మొదలవుతుంది. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్, ఎసిడిటీ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లు తింటున్నా లోటు పడవచ్చు. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే బి12 లోటువల్ల వచ్చిన రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

బిడ్డ కావాలనుకునే స్త్రీలు ఫోలిక్ ఆమ్లం 400 మైక్రోగ్రాములు కనీసం నెల ముందునుంచే మొదలుపెట్టాలి. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, చాలామందికి అప్పటికి గర్భమని కూడా తెలియదు.

అయొడిన్ రోజుకు 150 మైక్రోగ్రాములు. అయొడైజ్డ్ ఉప్పు మూతపెట్టిన డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి, వంట చివర్లో వేయండి. రాతి ఉప్పు, సముద్రపు ఉప్పు ఖరీదైనవైనా అయొడిన్ కలపకపోతే ఈ పనికి రావు. ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాములు, సుమారు ఒక చెంచా.

7. వంటలో పోయేవి

విటమిన్ సి, ఫోలేట్ నీళ్లలో కరిగిపోతాయి, వేడికి చెడతాయి. కూరగాయలు కడిగాక కోయండి, కోశాక కడగకండి. ముక్కలు పెద్దగా ఉంచి, తక్కువ నీళ్లతో, మూతపెట్టి, తక్కువసేపు ఉడికించండి. ఉడికిన నీళ్లు పారబోస్తే అందులోకి దిగినవన్నీ పోయినట్టే. ఖనిజాలు వేడికి చెడవు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ మాత్రం నూనెలో మగ్గితేనే బాగా ఒంటికి పడుతుంది, అన్నీ పచ్చిగానే తినాలన్న పట్టుదల అనవసరం.

8. ప్యాకెట్టు వెనక చదివేటప్పుడు

ఎప్పుడూ 100 గ్రాముల గడినే చూడండి. "ఒక వడ్డన" అని రాసిన అంకె చిన్నగా కనిపించేలా ఆ వడ్డననే చిన్నది చేస్తారు. పదార్థాల పట్టీలో ఎక్కువ బరువున్నది ముందుంటుంది. చక్కెరను గ్లూకోజు సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోజ్, పళ్ల గుజ్జు గాఢరసం అని నాలుగు పేర్లుగా విడదీస్తే ఏదీ మొదటి స్థానంలోకి రాదు. అవన్నీ కలిపి చూడండి. సోడియం అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. శక్తి కిలోజౌళ్లలో ఉంటే 4.18తో భాగించండి.

9. మాత్రలు ఎప్పుడు

లోటు ఉందని పరీక్షలో తేలినప్పుడు, లేదా పైన చెప్పిన బి12, ఫోలిక్ ఆమ్లం లాంటి ముందే తెలిసిన అవసరాలకు. నీళ్లలో కరిగే విటమిన్ల మిగులు చాలావరకు మూత్రంలో పోతుంది కానీ అన్నీ నిరపాయం కాదు: బి6 పెద్ద మోతాదుల్లో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతింటాయి. మాత్రల్లోని విటమిన్ ఎ రోజుకు 3000 మైక్రోగ్రాములు దాటకూడదు, గర్భంలో మరీ జాగ్రత్త. జింకు చాలాకాలం ఎక్కువగా వాడితే రాగి లోటు వస్తుంది. రక్తం గడ్డలు కట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. ఒకరోజు బోలెడు, ఇంకోరోజు సున్నా అయితేనే చిక్కు, ఎందుకంటే విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది.

కాల్షియం మాత్ర ఒకసారికి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే చేరే శాతం తగ్గుతుంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి. థైరాయిడ్ మాత్రకూ వీటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలు పిల్లలకు అందనిచోట పెట్టండి, కొన్ని మాత్రలు మింగినా పసివాళ్ల ప్రాణానికే ముప్పు.

రక్తహీనత అనుమానం ఉంటే హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే పరీక్ష) కూడా చేయించండి. నిల్వ ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది, కాబట్టి ఫెరిటిన్ ముందే చెబుతుంది. పెద్దవాళ్లలో ఇది లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపుంటే నిల్వ అయిపోయినట్టు. జ్వరం, ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది, ఆ సమయంలో చేయిస్తే లోటు దాగిపోతుంది. నెలసరి ఆగిన స్త్రీలలో, మగవాళ్లలో ఐరన్ లోటు కనబడితే తిండిని సరిచేసి ఊరుకోకూడదు, కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో డాక్టరు చూడాలి. మాత్రలు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నీరసం తగ్గుతుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. నిల్వ నిండాలంటే హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా సుమారు మూడు నెలలు కొనసాగించి, ఆ తర్వాత ఫెరిటిన్ మళ్లీ చూసుకోవాలి.